ఎర్ర తువ్వాల, ఐదు హిప్ హాప్ కాసెట్లు

ప్రపంచంలోకెల్లా గొప్ప హిప్ హాప్ ఆల్బం ఏది అన్న ప్రశ్నను చంద్రాపూర్‌లో, లాల్‌పేట్ బొగ్గుగని క్వార్టర్లలో, పక్క గదిలో ఒక మనిషి నిద్రపోతుండగా తేల్చేయాలని చూసినవాళ్లం బహుశా మేం ముగ్గురమే అయ్యుంటాం. తేలలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎవరు గెలిచారో చూద్దామని చివరిదాకా కూర్చునేవాళ్లుంటే ఇప్పుడే లేచి వేరే పని చూసుకోవచ్చు. నాకు ఆ రోజు అట్లా చెప్పినవాడు లేకపోయాడు.

ముందు ముగ్గురి సంగతి. నేను ఎనిమిదో తరగతిలో మరాఠీ బడితో తెగతెంపులు చేసుకుని మైక్‌సెట్ దుకాణంలో కుదిరినవాణ్ణి. పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు స్తంభాలెక్కి భోంగాలు కట్టడం నా పని. భోంగా అంటే గొట్టం మైకు. ఊళ్లో ఎవరి ఆనందమైనా ఊరందరి చెవుల్లో దూరేది నా చేతుల మీదుగానే. రెండోవాడు పేపర్ మిల్లు గుమాస్తా కొడుకు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మాలో ఇంగ్లీషు తెలిసినవాడు వాడే. మేమంతా మరాఠీలో ఫెయిలైతే వాడు ఇంగ్లీషులో ఫెయిలయ్యాడు, అంత తేడా ఉంది. మూడోవాడు పక్క క్వార్టరు డాన్సర్. నేల మీద తల ఆనించి బొంగరంలా తిరిగేవాడు. తిరిగి తిరిగి నడినెత్తిన జుట్టు పలచబడితే వాళ్లమ్మ సబ్బు మార్చింది.

అప్పుడప్పుడే దేశంలోకి అన్నీ వస్తున్న రోజులు. మా నాలుక ఇంకా అలవాటు పడని కోలా, మోకాలి దగ్గర కావాలని చింపిన ప్యాంట్లు, థర్మల్ కాలనీ మిద్దెల మీద ఆకాశం వైపు నోరు తెరిచిన పెద్ద పెద్ద గిన్నెలు. ఆ గిన్నెల్లోంచే హిప్ హాప్ కూడా రాలింది. కేబుల్ ఉన్న ఇంటి కిటికీ బయట నిలబడి చూసేవాళ్లం. మాకు చేతికి దొరికేది మాత్రం రికార్డింగ్ దుకాణంవాడు కాసెట్లో పట్టి ఇచ్చే ముక్కలే. ఒక పాట వీడిది, ఒక పాట వాడిది, మధ్యలో ఖాళీ మిగిలితే వాడి ఇష్టం కొద్దీ ఒక భజన. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, చేసినవాడు ఎట్లా పేర్చాడో అట్లా, ఒక పూర్తి ఆల్బం నా సొంతానికి ఉండాలని నా కోరిక. ఇంకేమీ కాదు. ఎప్పుడూ ఎవడో ఏరి ఇచ్చిందే విన్నవాణ్ణి, ఒక్కటి నేను ఏరుకుంటే బాగుండుననిపించేది.

ఆ అవకాశం ఒక సంచిలో వచ్చింది. థర్మల్ కాలనీలో ఒక ఇంజనీరు గారి పాప పుట్టినరోజుకు మైక్ కట్టడానికి పోతే, బొంబాయి నుంచి వచ్చిన ఆయన మేనల్లుడు కనిపించాడు. వాడి సంచిలో ఐదు అసలు హిప్ హాప్ కాసెట్లు. నా కళ్లు చూసి జాలిపడ్డాడో ఏమో, "రేపు సాయంత్రం బండికి వెళ్లిపోతున్నాను. నాలుగున్నరకల్లా తెచ్చిచ్చేట్టయితే తీసుకెళ్లండి" అన్నాడు. మళ్లీ ఎప్పుడొస్తారంటే, "చంద్రాపూర్‌కా?" అని నవ్వాడు. ఆ నవ్వు తర్వాత వేరే జవాబు అక్కర్లేదు.

మరునాడు ఊరు బంద్. ఎందుకు బంద్ అని అడగకండి, మాకూ తెలియదు. ఆ రోజుల్లో బంద్‌కు కారణం సాయంత్రం తెలిసేది. కాసెట్ దుకాణాలు మూత, మా మైక్‌సెట్ దుకాణం మూత, కిరాణా కూడా మూత. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఖాళీ కాసెట్టు, దసరాకు మా ఓనరు ఇచ్చింది, మీది కాగితం కూడా విప్పలేదు. సంచిలో ఐదు ఆల్బమ్‌లు, నా చేతిలో ఒక ఖాళీ కాసెట్టు. కాబట్టి ఏది గొప్పదన్న ప్రశ్న మాకు కాలక్షేపం కాదు. సాయంత్రంలోగా తేలాలి, తేలకపోతే ఐదూ పోతాయి.

ఒక కాసెట్టులోంచి ఇంకో కాసెట్టులోకి పట్టగలిగే రెండు తలుపుల టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ మా క్వార్టర్ల వరసలో, అంటే మా లైన్‌లో, ఒకటే ఉంది. అది మా బావది. నేను ఉండేది అక్కా బావల ఇంట్లోనే. బావది భూమి కింద పని, ఆ వారం రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని పడుకుంటే మళ్లీ సాయంత్రం లేచేవాడు.

మా లైన్‌లో ఒక కట్టుబాటు ఉంది. రాత్రి షిఫ్టు మనిషి పడుకోగానే ఆ ఇంటి ఆడవాళ్లు వీధి తలుపుకు ఎర్ర తువ్వాల తగిలిస్తారు. ఇక ఆ ఇంటి ముందు చప్పుడుండదు. కూరగాయల బండివాడు "భాజీ" అని అరుస్తూ వచ్చి, తువ్వాల కనపడగానే సగం మాట మింగేసి, మూడిళ్లు దాటాక మిగతా సగం అందుకునేవాడు. పిల్లలు క్రికెట్ ఎత్తుకుని వేరే లైన్‌కు పోయేవాళ్లు. పక్కపక్క ఇళ్లవాళ్లు కొట్లాడుకుంటే, తువ్వాల దించేదాకా కొట్లాట ఆపేవాళ్లు. నిద్ర చాలని మనిషి కిందికి దిగితే వాడికే కాదు, వాడి పక్కన నిలబడ్డవాడికి కూడా చేటు. అందుకని దీనితో ఎవరూ పరాచికాలాడరు. నేను కూడా ఆడను.

అట్లా, ప్రపంచంలో అన్నిటికంటే గట్టిగా వినవలసిన సంగీతాన్ని మేం ముగ్గురం ఒకే స్పీకరుకు చెవులానించి, సౌండ్ గుండీని సున్నా మీద ఇంత వెంట్రుక వాసి కదిలించి, గుసగుసలతో తూకం వేయడం మొదలుపెట్టాం.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆ టూ-ఇన్-వన్‌కు వెనక ఒక మీట ఉంది. దాన్ని ఒకవైపు నెడితే పక్క కాసెట్టులోది పట్టుకుంటుంది, ఇంకోవైపుంటే ముందున్న చిన్న మైకులోంచి గదిలో మాటలు పట్టుకుంటుంది. ఆ మీట వదులైపోయి, నెట్టినచోట నిలిచేది కాదు. దాని సందులో ఒక అగ్గిపుల్ల గుచ్చితే నిలిచేది. పొద్దున్నే పుల్ల గుచ్చి పెట్టాను. నేనే పెట్టాను. నా చేతులతో పెట్టాను. తర్వాత వచ్చిన ఆరోపణలన్నిటికీ ఇదే నా జవాబు.

కాసెట్ల పేర్లు పలకడం రాక అట్టల మీది బొమ్మలతో పిలుచుకున్నాం. ఒకటి బస్సుది, అట్ట మీద ఒక పాత బస్సు. ఒకటి గొలుసుది. ఒకటి ఇద్దరక్కలది, ఇద్దరు ఆడవాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఒకటి ఊపిరి తీసుకోనోడిది. ఇంకొకదానికి అట్టే పోయింది, ఎవరో నల్ల కాగితం మడిచి పెట్టారు, అది నల్లట్టది.

"ఫస్ట్ నంబర్ బస్సుదే," అన్నాడు పాలిటెక్నిక్. "అండ్ల మెసేజ్ ఉన్నది."

"ఏం మెసేజ్?"

"సమాజం గురించి."

"ఏమంటుండు సమాజాన్ని?"

"బాగలేదంటుండు."

"గది చెప్పెతందుకు అమెరికా నుంచి రావాల్నా బే? మా ఓనర్ రోజు పొద్దుగాల చాయ్ తాక్కుంట గదే చెప్తడు. ఆయన కాసెట్ తియ్యి మరి."

"నీకు సమఝ్ కాదురా. లిరిక్స్ వినాలె."

"నీకేం సమఝైంది, ఒక్క ముక్క చెప్పు."

వాడు స్పీకరుకు చెవి ఇంకొంచెం నొక్కి, కళ్లు మూసుకుని, చాలాసేపు విని, "స్ట్రీట్ అన్నడు" అన్నాడు.

డాన్సర్‌కు మెసేజ్‌తో పని లేదు. "గొలుసుది. రెండో సైడ్ మూడో పాట. దాని మీద నేను తిరుగుతుంటే మనిషి కనవడడు."

"ఒక్క పాటకు ఆల్బం మొత్తం గొప్పదైతదారా? గోంగూర మంచిగున్నదని పెండ్లి మొత్తం మంచిగున్నదంటవా?"

"అంట. తినెతందుకే గద పోయేది."

ఇట్లాంటి మనుషులతో ఏం వాదిస్తారు మీరు?

నాకు నల్లట్టది నచ్చింది. పాటకూ పాటకూ మధ్య అందులో ఏవో చప్పుళ్లు. తలుపు వేసిన చప్పుడు, ఎవరో ఎవరినో మేడ మీంచి పిలవడం, కుక్క మొరగడం, నలుగురు నవ్వడం, మళ్లీ పాట. భాష ఒక్క ముక్క తెలియదు గానీ, ఎవరింటి అరుగు మీదో కూర్చుని వాళ్ల లైన్ మొత్తాన్ని వింటున్నట్టుండేది. ఒక పాట తీసేస్తే మిగతావి ఒరిగిపోతాయనిపించింది. ఇది చెప్పబోతే పాలిటెక్నిక్ మొహం చిట్లించాడు.

"కుక్క మొరిగితే గ్రేట్ ఆల్బమా? ఆల్ టైమ్ గ్రేటెస్ట్ అంటే ఆల్ టైమ్ లెక్కన సూడాలె."

"మనం విననీకి మొదలువెట్టి ఏడాది కాలేరా! ఏ ఆల్ టైమ్?"

"హిస్టరీల ఏది నిలుస్తదో గది."

"నా కాసెట్‌ల ఏది నిలుస్తదో గది చెప్పు ముందుగాల."

ఊపిరి తీసుకోనోణ్ణి ముగ్గురం కలిసి తీసేశాం. వాణ్ణి బస్‌స్టాండులో మైకు ముందు కూర్చోబెడితే జివతి నుంచి నాగపూర్ దాకా అన్ని బస్సుల పేర్లూ ఒక్క గుక్కలో చదివేస్తాడు, ఎక్కేవాళ్లకు మాత్రం ఒక్క బస్సూ దొరకదు. ఆ రోజు మేం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం అదొక్కటే.

ఇంతలో వంటింట్లోంచి అక్క వచ్చి నడుం వంచి తానూ ఒక చెవి ఆనించింది. అప్పుడు నడుస్తున్నది ఇద్దరక్కలది.

"గీ పిల్లలు మంచిగ మాట్లాడుతున్నరు. ఎవన్నో కడుగుతున్నరు."

"నీకెట్ల తెల్సక్కా?"

"గొంతు తెలుస్తలేదా? నల్లా కాడ రోజు వింట గద. గిదే పట్టుండ్రి."

ఉన్న ముగ్గురికి మూడు మాటలు చాలక నాలుగో మాట కూడా వచ్చింది. డాన్సర్ గొంతు కొంచెం లేచింది, పాలిటెక్నిక్ గొంతు దాని మీదికి లేచింది. సరిగ్గా అప్పుడు లోపలి గదిలో గురక ఆగిపోయింది.

మా బావ గురక గురించి రెండు మాటలు. అది మాకు గడియారం లాంటిది. వినపడుతున్నంతసేపూ మేం క్షేమం, ఆగిందంటే ఆయన మెలకువలోకి వస్తున్నట్టు. అయితే ఆ గురక ఉన్నట్టు బావ ఒప్పుకోడు. "నేను పండుకుంటే ఊపిరి సప్పుడు సుత రాదు" అనేవాడు. పెళ్లయినప్పటి నుంచి అక్కకూ ఆయనకూ ఇదొక్కటే తగాదా, అదీ ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. నిద్రపోతున్న మనిషిని సాక్షిగా పిలవలేం కదా.

ముగ్గురం శిలల్లా అయిపోయాం. లోపలి నుంచి మత్తు గొంతు వచ్చింది: "ఎలుకలు మల్ల వచ్చినయ్. మందు పెట్టు." మళ్లీ గురక అందుకుంది. మేం ఎలుకల్లాగే ఊపిరి తీసుకున్నాం.

పన్నెండింటికి కరెంటు పోయింది. దీని మీద నాకున్న కోపం వేరే. మా లైన్ మగవాళ్లు తవ్విన బొగ్గు, ఇక్కడి నుంచి కనపడే పొగగొట్టాల కింద మండి, కరెంటై, మా నెత్తి మీది తీగల్లోంచే బొంబాయికి పోయేది. పోతూ పోతూ మా ఫ్యాన్ తిప్పడానికి దానికి తీరిక ఉండేది కాదు. అక్క లోపల కూర్చుని బావకు విసనకర్రతో విసురుతోంది. మాకు కాసెట్ వినే వీలు కూడా లేదు. వినేది లేకపోతే వాదన ఆగాలి కదా? ఇంకా పెరిగింది. కాసెట్టు నడుస్తుంటే కనీసం మధ్యమధ్యలో నోళ్లు మూతపడేవి.

"మీ నోళ్లల్ల ఏదన్న పొయ్యకుంటే ఆగేటట్టు లేరు," అని అక్క విసుక్కుంటూ వంటింట్లోకి పోయింది. "అగ్గిపెట్టె సుత ఖాళీ. దుకాణం బంద్, కరెంట్ బంద్, మీ నోరొక్కటి బంద్ కాదు." అంతా గుసగుసగానే తిట్టింది. కాసేపటికి స్టవ్ భుస్సుమంది, చాయ్ వచ్చింది. తాగాం. స్టవ్ ఎట్లా వెలిగిందని పాలిటెక్నిక్ అడగలేదు, డాన్సర్ అడగలేదు, నేనూ అడగలేదు. ఆల్ టైమ్ లెక్కలు చూసేవాళ్లకు ఇట్లాంటివి కనపడవు.

కరెంటు వచ్చేసరికి రెండు దాటింది. ఆల్బం పట్టడానికి గంట, సైకిల్ మీద థర్మల్ కాలనీ దాకా పోవడానికి ముప్పావు గంట. నా ఓపిక అయిపోయింది.

"ఓట్లు వేద్దాం," అన్నాను.

ముగ్గురం వేశాం. మూడు ఆల్బమ్‌లకు తలా ఒకటి. మాలాంటి వాళ్ల కోసం కాదు ఓట్లు కనిపెట్టింది.

అప్పుడు డాన్సర్‌ను పక్కకు లాగి, గణపతి నిమజ్జనం ఊరేగింపులో వాడి గొలుసు పాట వాడు కేబుల్ వాడి దగ్గర ఎట్లాగైనా పట్టుకొస్తే, నా భోంగాల్లో మూడుసార్లు వేస్తానని మాటిచ్చాను. వాడు వెంటనే నల్లట్టదాని వైపు వచ్చేశాడు.

"గిదేనా ప్రజాస్వామ్యం?" అన్నాడు పాలిటెక్నిక్.

"గిదే. సమాజం బాగలేదని నీ బస్సోడు పొద్దుగాల్నుంచి చెప్తుండు గద."

నల్లట్టది ఒక తలుపులో, నా కొత్త కాసెట్టు ఇంకో తలుపులో. బావ లేస్తాడని సౌండ్ పూర్తిగా సున్నాకు తిప్పేశాం. సౌండ్ లేకపోయినా పట్టడం ఆగదు, అది నా వృత్తి, నాకు తెలుసు. గుండీలు నొక్కాం. రెండు చక్రాలూ బుద్ధిగా తిరిగాయి. ఆ చక్రాలను చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయింది. ఎవడూ ఏరి ఇవ్వని, ముక్కలు చేయని, మొదటి పూర్తి ఆల్బం. చక్రాలు తిరుగుతున్నంతసేపూ పాలిటెక్నిక్ పక్కన కూర్చుని మేం తప్పు చేస్తున్నామని గుసగుసగా నిరూపిస్తూనే ఉన్నాడు. నేను గుసగుసగా వాణ్ణి ఆటపట్టిస్తూనే ఉన్నాను.

నాలుగున్నరకు సంచి పట్టుకుని కాలనీ గేటు దగ్గరున్నాను. మేనల్లుడు కాసెట్లు లెక్క చూసుకుని, "ఏది రికార్డ్ చేసుకున్నారు?" అన్నాడు.

"నల్లట్టది."

"ఓ, అదా. బాగానే ఉంటుంది. కానీ అసలు గొప్ప ఆల్బం ఇందులో లేదు. ఇంట్లో మర్చిపోయి వచ్చాను."

సైకిల్ తిప్పుకుని వచ్చేశాను. బంద్ రోజు రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి దారంతా గట్టిగా తిట్టుకునే వీలు దొరికింది.

ఇంటికి వచ్చేసరికి తువ్వాల దించి ఉంది. బావ స్నానం చేసి, తల తుడుచుకుంటూ మంచం మీద కూర్చున్నాడు. పాలిటెక్నిక్, డాన్సర్ గడప మీద కాచుకుని ఉన్నారు.

"ఏం బామ్మర్ది, దినమంత నా డబ్బకు చెవులానిచ్చి కూసున్నరంట. ఏం పట్టిండ్రు? వినిపియ్యుండ్రి."

సౌండ్ గుండీని ఆ రోజు మొదటిసారి పూర్తిగా తిప్పాను. ముందు బుస్సుమని చప్పుడు. తర్వాత ఒక గొంతు, నోరు చెవిలో పెట్టినంత దగ్గరగా.

"నేను మల్ల చెప్తున్న. తప్పు చేస్తున్నం."

"స్టార్టింగ్ మస్తున్నది," అన్నాడు డాన్సర్. ఆ తర్వాత, "ఏ, వీడు తెలుగుల పాడుతుండేంది?" అన్నాడు.

"బస్సుదే పట్టాల్సుండె," అంది పెట్టె. పాలిటెక్నిక్ తన గొంతు తాను గుర్తుపట్టి నోరు తెరిచాడు. ఆ సెట్టు మైకుకు ఒక పాడు గుణముంది, చప్పుడు ఎంత చిన్నదైతే అంత లాగి పెద్దది చేసుకుంటుంది. మా గుసగుసలు ఊరేగింపులో వేసినంత గట్టిగా వస్తున్నాయి. నేను వెనక్కి పోయి మీట చూశాను. అగ్గిపుల్ల లేదు.

"పుల్ల ఎవడు తీసిండు?"

"నువ్వే పెట్టలే."

"పెట్టిన! నా చేతులతోటి పెట్టిన!"

"గా పుల్లనా?" అంది అక్క వంటింటి గుమ్మంలోంచి. "చాయ్ తాగిండ్రు గద."

నేను ఏం అనాలి? మీరే చెప్పండి. ఒక్క ఖాళీ కాసెట్టు, ఒక్క రోజు, ఆ రోజే బంద్, బంద్ కాబట్టి అగ్గిపెట్టె లేదు, అగ్గిపెట్టె లేదు కాబట్టి నా ఆల్బం పుల్లతో చాయ్ కాచింది. ఆ సంచి ఈపాటికి స్టేషన్లో బండెక్కి ఉంటుంది. పెట్టెను ఆపబోయాను, బావ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకు మజాగా ఉంది.

అప్పుడు నా గొంతు వచ్చింది. "బాస్ బాస్ అంటవేందిరా, బాస్ సౌండ్ అంటే మా బావది. ఇను... గదీ! అమెరికోడు పెద్ద పెద్ద మిషన్లు పెట్టి తీసేది మా బావ ముక్కులకెల్లి ఫుకట్ల వస్తుంది."

"లేస్తడు బే," అంది డాన్సర్ గొంతు.

"లేవడు. మా బావను లేపాలంటే గని సీటీ సాలదు. గనే మీద కూలాలె."

ఆ మాట మా లైన్‌లో ఎవరూ అనరు, నవ్వులాటకు కూడా, నిద్రలో కూడా. అక్క చేతిలోని టిఫిన్ డబ్బా మూత పెట్టబోతూ ఆగిపోయింది. రాత్రి షిఫ్టుకు బావ పట్టుకుపోవలసిన డబ్బా అది. "నీ నోట్లె మన్ను వడ," అంది మెల్లగా, నా వైపు చూడకుండా.

బావ నా మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత తువ్వాల భుజం మీద వేసుకుని, పెట్టె వైపు చెవి తిప్పాడు.

"గది కాదు. దాని ఎన్క ఇనవడేది. తిప్పు."

తిప్పాను.

"గా సప్పుడేంది?"

"ఏ సప్పుడు బావా?"

"లారీ ఘాట్ ఎక్కుతున్నట్టు లేదా?"

అక్క గుమ్మంలో నిటారుగా అయింది. "గదే," అంది.

"గదే అంటే?"

"పెండ్లైనకాడికెల్లి నేను చెప్తున్నది. గదే."

బావ ఇంకోసారి తిప్పించాడు. ఇంకోసారి విన్నాడు. "నేను కాదు. పక్కింటోడు."

"మా నాయిన పొద్దటి షిఫ్ట్ బావా," అన్నాడు డాన్సర్, ఎంతో వినయంగా.

"పట్టినోనికి పట్టుడు రాలే. సగం మీ సప్పుడే ఉన్నది," అన్నాడు బావ చివరికి. ఓడిపోయిన మగవాడు మైక్‌సెట్ వాణ్ణి తిట్టడం నాకు కొత్త కాదు. అక్క మాత్రం ఆ డబ్బా మూత నొక్కి, బావ చేతికిచ్చి, ఆయన గడప దాటేదాకా ఆగింది. ఆయన పోయాక నా వైపు తిరిగింది.

"తమ్మీ, గిది మల్ల చెరగకుంట ఏం చేయాలె?"

ఇక్కడ నా నోరు చేసిన పని చూడండి. అడిగినవాళ్లకు యంత్రం సంగతి చెప్పకుండా ఉండలేని రోగం నాది. "ఎన్కదిక్కు రెండు చిన్న చెవులుంటయక్కా. గవి ఇరగ్గొడితే ఇంక దాని మీద ఎవడు పట్టలే..." అంటుండగానే స్టవ్ పిన్నుతో టక్కుమని ఒకటి, టక్కుమని రెండోది. నా ఖాళీ కాసెట్టు, దసరా కాసెట్టు, ఇక అక్కది.

తర్వాతి వారం బావ రెండో షిఫ్టుకు, అంటే మధ్యాహ్నం పోయి రాత్రికి వచ్చే పనికి, మారాడు. సాయంత్రాలు అక్క లైన్‌లోని ఆడవాళ్లను పిలిచి కాసెట్టు వినిపించడం మొదలుపెట్టింది. నా మాట వచ్చేచోట తనే ముందుకు తిప్పేసేది, గురక దగ్గర ఆపేది. విన్నవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, మా ఆయనది సుత జర పట్టియ్యవా?" అనడం మొదలుపెట్టారు. ప్రపంచ సంగీతం కోసం బయలుదేరిన మనిషిని, ఎక్కడ తేలానో చూడండి.

ఒక సాయంత్రం అందరూ పోయాక మేం ముగ్గురం, అక్క మిగిలాం. డాన్సర్ గోడకు ఆనుకుని ఆలోచిస్తున్నాడు. వాడు ఆలోచిస్తే నాకు భయం.

"నల్లట్టది పాయె గని, ఇది సుత తక్కువేం లేదు. తలుపు సప్పుడున్నది, కుక్క ఉన్నది, నవ్వుడున్నది. నేనైతే నంబర్ టూ ఇస్త."

"దీన్నెట్ల కలుపుతవ్?" పాలిటెక్నిక్ లేచి కూర్చున్నాడు. "ఆల్బం అంటే రిలీజ్ కావాలె."

"లైన్ మొత్తం విన్నది. గింతకన్న రిలీజ్ ఏముంటది?"

"మెసేజ్ ఏది? మెసేజ్ లేకుంట ర్యాంక్ ఎట్లిస్తవ్?"

"మెసేజ్ లేదా? మా అక్కనడుగు!" అన్నాను. నేను ఎందుకు దిగానో నాకే తెలియదు. "నంబర్ టూ ఎందుకు, ఐదుల ఒక్కటన్న ఎవడన్న పూర్తిగ విన్నడా అసలు? ఇదొక్కటే గద మనం మొదటికెల్లి చివరిదాక విన్నది!"

"అయితే నంబర్ వన్ అంటవా?"

"నేను గట్లన్ననా?"

"ఇప్పుడే అన్నవ్!"

ముగ్గురి గొంతులూ ఒకేసారి లేచాయి. రోడ్డు మీద పోతున్న ఎవరో ఆగి లోపలికి తొంగి చూశారు. అక్క లేచింది. దండెం మీది ఎర్ర తువ్వాల తీసింది. వీధి తలుపు తెరిచి, బయటివైపు గొళ్లానికి తగిలించి, తలుపు దగ్గరికి వేసి, వచ్చి తన చోట కూర్చుంది.

బావ అప్పుడు భూమి కింద ఉన్నాడు. ఇంట్లో పడుకున్నవాళ్లు ఎవరూ లేరు. అయినా మా గొంతులు వాటంతట అవే దిగిపోయాయి. బయట కూరగాయల బండి వచ్చింది, "భా" అని ఆగి, చప్పుడు లేకుండా దాటిపోయింది.

కొంతసేపటికి పాలిటెక్నిక్ నా చెవి దగ్గరికి వంగాడు.

"సరే గని," అన్నాడు గుసగుసగా, "నంబర్ వన్ మాత్రం బస్సుదే."